డెల్టా నుంచి శంషాబాద్‌కు కారులో: విమానం ఎందుకు తప్పిపోతోంది, ఏం చేయాలి

పాలకొల్లు, భీమవరం, అమలాపురం, రాజోలు వైపు నుంచి సెలవుల్లో కారు వేసుకుని శంషాబాద్ వెళ్లి విమానం ఎక్కేవారి కోసం ఇది రాస్తున్నాను. మధురపూడి నుంచో గన్నవరం నుంచో మీకు కావలసిన విమానం దొరికితే ఇదంతా చదవక్కరలేదు, అక్కడే ఎక్కండి. దొరకనివారికే ఈ తిప్పలు. మా వైపు ఎవరు ప్రయాణం పెట్టుకున్నా ముందురోజు నాకు ఫోన్ చేస్తారు. దారిలో చిక్కుకున్నాక చేసేవారూ ఉన్నారు. బండి నడపడం, గాలి, ఆయిల్ చూసుకోవడం మీకు నేను చెప్పనక్కరలేదు. ఆలస్యం ఎక్కడ పుడుతోందో అది మాత్రం చెబుతాను.

సమస్య: విమానం ఇంకా ఎగరలేదు, కానీ కౌంటర్ మూసేశారు

కారణం: విమానం బయలుదేరే సమయం నుంచి వెనక్కి లెక్క వేశారు. అది మీకు సంబంధించిన సమయం కాదు. దేశంలో తిరిగే విమానాలకు చాలా సంస్థలు గంట ముందే సామాను తీసుకోవడం ఆపేస్తాయి. ఎక్కే గేటును 25 నిమిషాల ముందు మూసేస్తాయి. విదేశాలకైతే కౌంటర్ ఇంకొంచెం ముందే మూసే సంస్థలున్నాయి, పైగా ఇమిగ్రేషన్ వరుస ఒకటి అదనం. ఇదంతా టికెట్ మీదే రాసి ఉంటుంది. అయినా చదవరు. దయచేసి చదవండి. ఆ కౌంటర్ మూసే సమయాన్ని కాగితం మీద పెద్దగా రాసి, అక్కడి నుంచి వెనక్కి రండి.

ఉదాహరణకు విమానం సాయంత్రం 4 గంటలకు అనుకుందాం. కౌంటర్ 3కి మూస్తారు. టెర్మినల్ గుమ్మం దగ్గర 2కి ఉండాలి. అంటే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కేది ఒంటిగంటకు ముందే. విజయవాడ దాటేది ఉదయం 8 లోపు. పాలకొల్లులో ఇంటి గుమ్మం దిగేది 5 గంటలకు. ఐదు అంటే బండి కదలడం ఐదు. పెద్దలకు దండాలు, ఫొటోలు, మరిచిపోయిన ఆవకాయ జాడీ కోసం మళ్లీ లోపలికి వెళ్లడం, అన్నీ నాలుగున్నరకే అయిపోవాలి.

ఇంకొక్క మాట. టికెట్ మీద 12వ తేదీ 00:40 అని ఉంటే మీరు శంషాబాద్‌లో ఉండవలసింది 11వ తేదీ రాత్రి. గల్ఫ్ వెళ్లేవారి టికెట్లలో ఇలాంటి వేళలు ఎక్కువ. 12వ తేదీ పొద్దున్న తీరిగ్గా బయలుదేరితే విమానం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

సమస్య: మ్యాప్ ఏడు గంటలంది, తొమ్మిది పట్టింది

కారణం: రాత్రి భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని చూశారు. మ్యాప్ మామూలుగా చెప్పేది ఆ క్షణం బయలుదేరితే ఎంతసేపు పడుతుందో. రాత్రి పదింటికి ఖాళీగా ఉన్న విజయవాడ ఉదయం తొమ్మిదింటికి ఖాళీగా ఉండదు. అదే మ్యాప్‌లో బయలుదేరే సమయం, చేరే సమయం పెట్టుకునే వీలుంది. మూడు చుక్కలు నొక్కితే కనిపిస్తుంది. అక్కడ తేదీ, గంట పెట్టి చూడండి. అంతకంటే నమ్మకమైన పని ఇంకొకటి: సరిగ్గా వారం రోజుల ముందు, అదే గంటకు ఫోన్ తెరిచి రామవరప్పాడు రింగు నుంచి గొల్లపూడి దాకా ఎంత ఎర్రగా ఉందో చూసుకోండి.

దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, ఇంద్రకీలాద్రి రద్దీ వల్ల వాహనాలను హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు, మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా మళ్లిస్తుంటారు. ఆ రోజుల్లో పోలీసులు ఆపేదాకా ఆగకుండా మీరే ఆ దారి పట్టండి.

సమస్య: మ్యాప్ కారును సందుల్లోకి, కాలువ గట్ల మీదికి, నగరం నడిబొడ్డుకు తీసుకుపోయింది

అసలు రాయాలనుకున్నది దీని గురించే. ఎంతమందిని దెబ్బతీసిందో చెప్పలేను. లక్షణాలు ఇలా ఉంటాయి. మ్యాప్ తక్కువ సమయం చూపిస్తుంది, చూసి సంతోషిస్తారు. ఊళ్లోంచి బయటపడేటప్పుడే లాకుల పక్కన ఇరుకు వంతెన మీదికి తిప్పుతుంది. దగ్గర దారి కాబోలు అనుకుంటారు. హైవే ఎక్కాక అంతా సవ్యంగానే ఉంటుంది. సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటతారు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఎడమకు తిరిగి ఔటర్ ఎక్కవలసిన బండిని అది నేరుగా హయత్‌నగర్, ఎల్బీ నగర్‌లోకి పంపుతుంది. అక్కడి నుంచి సాగర్ రింగు రోడ్డు, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్. ప్రతి కూడలిలోనూ ఆగడమే. కారులో ఉన్నవాళ్లు హైదరాబాద్ ట్రాఫిక్‌ను తిడతారు, డ్రైవర్‌ను తిడతారు.

కారణం: మ్యాప్ బైకు గుర్తు మీద ఉంది.

మన దగ్గర అందరూ రోజూ తిరిగేది బైకు మీదే. పొలానికి, చెరువు గట్టుకు, కాలేజీకి దారి చూసుకునేటప్పుడు బైకు గుర్తు నొక్కుతాం. మ్యాప్ చివరిసారి వాడిన గుర్తునే గుర్తుపెట్టుకుని మళ్లీ అదే తెరుస్తుంది. ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. కాబట్టి బైకు దారి అడిగితే అది ఔటర్‌ను లెక్కలోకే తీసుకోదు, నగరంలోంచి గీత గీస్తుంది. దానికి తెలిసినంతలో సరిగ్గానే చెప్పింది. మీరు అడిగిన ప్రశ్నే తప్పు. సమయం కూడా బైకు సమయమే: ఆగిపోయిన లారీల మధ్యనుంచి దూరిపోగల బండికి పట్టే సమయం. మీ కారు అలా దూరలేదు. అందుకే గడియారం జరిగే కొద్దీ చేరే వేళ కూడా ఆలస్యమవుతూ ఉంటుంది.

ఇది పట్టుబడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇంట్లో పెద్దాయన తన ఫోన్‌లో చూస్తాడు. అందులో కారు గుర్తే ఉంటుంది, దారి చక్కగా ఔటర్ మీదుగా కనిపిస్తుంది. ‘చూశానురా, ఔటర్ మీదుగానే’ అంటాడు. తీరా కారులో అద్దం ముందు స్టాండులో పెట్టేది కుర్రాడి ఫోన్, దాంట్లో చార్జింగ్ ఎక్కువ ఉందని. వాట్సాప్‌లో గమ్యం పంపుకున్నా అంతే. పంపేది చోటు ఒక్కటే. కారా, బైకా అన్నది తెరిచే ఫోన్‌ను బట్టి ఉంటుంది. దారి నడుమ చార్జింగ్ అయిపోయి ఇంకో ఫోన్ పెడితే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఒకసారి చూశాం అన్నమాట చెల్లదు. ఏ ఫోన్ స్టాండులోకి వెళ్తుందో ఆ ఫోన్‌లో, పెట్టిన ప్రతిసారీ చూడాలి.

చూడవలసింది చాలా చిన్నది. గమ్యం పెట్టగానే గుర్తుల వరుస వస్తుంది: కారు, బైకు, బస్సు, నడిచే మనిషి. ఏది వెలిగి ఉందో చూడండి. ఆ తరువాత గీతను వేలితో జరుపుకుంటూ హైదరాబాద్ దాకా వెళ్లండి. పెద్ద అంబర్‌పేట దగ్గర గీత ఎడమకు వంగి, బొంగుళూరు, రావిర్యాల, తుక్కుగూడ మీదుగా శంషాబాద్ చేరుతోందా? అయితే సరే. నేరుగా ఎల్బీ నగర్ వైపు పోతోందా? బయలుదేరకండి, ముందు గుర్తు మార్చండి.

కారు గుర్తే ఉండి కూడా గీత ఔటర్ వదిలేస్తోందంటే, టోల్ రోడ్లు వద్దు అనే మీట ఎప్పుడో నొక్కి మరిచిపోయారు. అదీ ఒకసారి నొక్కితే అలాగే ఉండిపోతుంది. తీసేయండి. దాని పక్కనే ఫెర్రీలు వద్దు అనే మీట ఉంటుంది. సఖినేటిపల్లి, రాజోలు వైపువాళ్లు దాన్ని మాత్రం తప్పక నొక్కి ఉంచండి. లేకపోతే ఒక్కోసారి నరసాపురం పంటు మీదుగా దారి చూపిస్తుంది. తెల్లవారుజామున రేవులో పంటు కోసం నిలబడవలసి వస్తుంది, గోదావరికి వరద వస్తే అసలు నడవదు. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వచ్చేయండి.

ఇప్పటికే తప్పు దారిలో పడ్డవారికి: హయత్‌నగర్ ఇంకా దాటకపోతే సరైన చోట యూ టర్న్ చూసుకుని వెనక్కి రండి, పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ ఎక్కండి. ఎల్బీ నగర్ దాకా వచ్చేస్తే వెనక్కి రావద్దు. సాగర్ రింగు రోడ్డు దగ్గర నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ మీదుగా బొంగుళూరు దగ్గర ఔటర్ ఎక్కవచ్చు. ఆరాంఘర్ వైపు కూడళ్లలో నలగడం కంటే చాలాసార్లు ఇదే మేలు. తెల్లవారుజామునైతే ఏ దారైనా ఒకటే, నేరుగా పొండి.

ఔటర్ ఎక్కేటప్పుడు బోర్డు చదివి ఎక్కండి. ఒక పక్క ఘట్‌కేసర్ వైపు పోతుంది, రెండోది శంషాబాద్ వైపు. ఔటర్ మొత్తం చుట్టు 158 కిలోమీటర్లు. పెద్ద అంబర్‌పేట నుంచి శంషాబాద్‌కు అందులో నాలుగో వంతు, అంటే సుమారు 40 కిలోమీటర్లు. తప్పు వైపు ఎక్కితే మిగిలిన మూడు వంతులూ తిరగడం కాదు, తరువాతి దిగే చోట దిగి మళ్లీ ఎక్కండి. దిగవలసిన చోటు దాటిపోయినా అంతే. ఔటర్ మీద బండిని వెనక్కి నడిపేవాళ్లను చూస్తే నాకు వణుకు వస్తుంది. వెనక వచ్చే బండి వేగం గంటకు 120 కిలోమీటర్లు ఉండవచ్చు. విమానం పోతే ఇంకోటి ఉంటుంది.

సమస్య: టోల్ గేటు దగ్గర ఆపేశారు

ఫాస్టాగ్‌లో డబ్బు లేదు, లేదా కేవైసీ పెండింగ్‌లో ఉండి ట్యాగ్ ఆగిపోయింది. వరుసలో నిలబడి ఫోన్‌లో డబ్బు వేసినా గేటు వెంటనే ఎత్తదు, పైగా ట్యాగ్ పనిచేయకపోతే మామూలు కంటే ఎక్కువ కట్టవలసి వస్తుంది. విజయవాడ దాటాక కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, ఆ పైన ఔటర్. ముందురోజు రాత్రే తిరుగు ప్రయాణానికి కూడా సరిపడా వేసి ఉంచండి. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

సమస్య: సంక్రాంతి తరువాత అంతా సరిగ్గా చేసినా ఇరుక్కుపోయాం

ముగ్గు, పందెం, కనుమ అయ్యాక హైదరాబాద్‌లో పనులున్న జనమంతా ఒకేసారి తిరిగి బయలుదేరతారు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు ముందు వాహనాలు బారులు తీరి ఉంటాయి. దీనికి కిటుకులేమీ లేవు. గంట ముందు బయలుదేరడం, రెండు గంటల ముందు బయలుదేరడం కూడా సరిపోవు. ఆ రోజుల్లో విమానం ఉంటే ముందురోజే వెళ్లి శంషాబాద్ దగ్గర గది తీసుకుని పడుకోండి. ఒక్కరో ఇద్దరో అయితే కారు ఊసే వద్దు, రైలెక్కి హైదరాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు బస్సు పట్టుకోండి. రైలు టికెట్ మాత్రం రిజర్వేషన్ తెరిచిన రోజే కొనాలి.

సాగనంపడానికి రెండో కారు వేయకండి. ఒక కారు టీకి ఆగితే రెండోది ఆగాలి, ఒకటి తప్పిపోతే రెండోది వెతకాలి. మనవడు అమెరికా వెళ్తున్నాడంటే అందరికీ ఎక్కాలనే ఉంటుంది, ఆ ప్రేమ నాకు తెలుసు. భీమవరంలోనో రావులపాలెంలోనో కన్నీళ్లు పెట్టుకుని వెనక్కి వెళ్లమనండి.

పొద్దుటి విమానం కోసం రాత్రంతా నడిపేవారు రెండో డ్రైవర్‌ను పెట్టుకోండి. రెండు నుంచి ఐదు మధ్య నిద్ర ఎవరినీ వదలదు. డిసెంబరు, జనవరిలో పొగమంచుకు ఇంకో గంట కలుపుకోండి.

పంక్చరు, ప్రమాదం వల్ల రోడ్డు మూసేయడం, మంత్రుల కాన్వాయ్‌లు ఎప్పుడో ఒకసారి జరిగేవి, వాటి కోసం ప్రత్యేకంగా ఏమీ చేయలేం. స్టెప్నీలో గాలి ఉండాలి, జాకీ డిక్కీలో అడుగున కాకుండా సూట్‌కేసుల పైన ఉండాలి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేయండి.