చూపు ఆనడం లేదా? ఇంట్లో ఎలా పరీక్షించుకోవాలి, కంటి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి

ఒక కంటికి చూపు తగ్గితే చాలామందికి నెలల తరబడి తెలియదు. బాగున్న కన్ను ఆ లోటును కప్పేస్తుంది. ఏ రోజో మంచి కంట్లో నలక పడి దాన్ని మూసుకున్నప్పుడు ఎదుటి గోడ మీది క్యాలెండరు మసకగా కనిపిస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళే పోయింది" అనుకుంటారు. అది ఏడాదిగా తగ్గుతూ వస్తున్నదే కావచ్చు. అందుకే కింది పరీక్షలన్నీ ఒక్కో కంటికి విడివిడిగా చేయాలి. రెండు కళ్ళూ తెరిచి చేస్తే చేయనట్టే.

దూరపు చూపు: ఒక్క అక్షరం చాలు

తెల్ల కాగితం, సన్నమొన నల్ల పెన్ను, స్కేలు, కొలిచే టేపు ఉంటే చాలు. చదువు రాని పెద్దవాళ్ళకూ, నాలుగేళ్ళ పిల్లలకూ కూడా ఇది పనికొస్తుంది.

1. కాగితం మధ్యలో ఇంగ్లిష్ పెద్ద "ఈ" అక్షరం, అంటే మూడు పళ్ళ దువ్వెన లాంటి ఆకారం గీయండి. ఎత్తు 9 మిల్లీమీటర్లు, వెడల్పు కూడా అంతే. మూడు పళ్ళూ, వాటి మధ్య రెండు సందులూ సమానంగా, ఒక్కోటి 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా ఉండాలి. పళ్ళు లావైతే సందులు పూడుకుపోయి మంచి కన్ను కూడా తప్పు చెబుతుంది.

2. చూసేవారి కళ్ళ ఎత్తులో కాగితాన్ని గోడకు ఆనించి పట్టుకోండి. వెలుతురు కాగితం మీద బాగా పడాలి, చూసేవారి కళ్ళలో పడకూడదు. కిటికీ పక్క గోడ వద్దు.

3. కాగితం నుంచి 6 మీటర్లు (దాదాపు 20 అడుగులు), 4 మీటర్లు, 3 మీటర్ల దగ్గర నేల మీద సుద్దతో గీతలు గీయండి. అడుగులు వేసి అంచనా కట్టకండి.

4. దూరానికి కళ్ళజోడు వాడేవారు దాన్ని పెట్టుకునే చూడాలి. రెండో కంటిని అరచేతితో కప్పాలి. వేళ్ళతో కప్పితే సందుల్లోంచి చూస్తారు, పిల్లలైతే తప్పకుండా చూస్తారు. గట్టిగా నొక్కితే ఆ కన్ను తర్వాత కాసేపు మసకబారి, దాని వంతు వచ్చినప్పుడు ఫలితం తప్పుతుంది.

5. ఇంకొకరు కాగితాన్ని పైకి, కిందికి, కుడికి, ఎడమకు తిప్పుతూ అయిదుసార్లు చూపించాలి. పళ్ళు ఎటు ఉన్నాయో చూసేవారు చేత్తో చూపించాలి. అయిదింట్లో నాలుగు సరిగ్గా చెబితేనే ఆ దూరం దాటినట్టు. కళ్ళు చికిలించి చెబితే లెక్కలోకి రాదు.

6 మీటర్ల నుంచి చెప్పగలిగితే డాక్టరు చీటీ మీద రాసే 6/6 చూపుకు దగ్గర. 4 మీటర్లకు వస్తే గానీ కనిపించకపోతే 6/9, 3 మీటర్లకైతే 6/12. మామూలు కన్ను 12 మీటర్ల నుంచి పోల్చుకునేదాన్ని ఈ కన్ను 6 మీటర్లకు వస్తే తప్ప పోల్చుకోలేదని 6/12కు అర్థం. 4 మీటర్ల దగ్గర కూడా తప్పు చెబితే పరీక్షకు వెళ్ళాల్సిందే. రెండు కళ్ళకూ మధ్య తేడా స్పష్టంగా ఉంటే, మంచి కన్ను ఎంత బాగున్నా వెళ్ళాలి.

ఒక మెలిక. దీర్ఘదృష్టి (దగ్గరివి చూడడానికి కన్ను ఎక్కువ కష్టపడే ప్లస్ పవరు) ఉన్న పిల్లలు కంటి కండరాన్ని బిగించి ఈ అక్షరాన్ని చక్కగా చదివేస్తారు. చూపు బాగుంది కానీ సాయంత్రానికి తలనొప్పి, పుస్తకం తెరిస్తే చిరాకు అనే పిల్లల్ని చదువు దొంగలని కొట్టిపారేయకండి.

సూది రంధ్రం చెప్పే సంగతి

పాత శుభలేఖ అట్టకు పిన్నుతో రంధ్రం చేసి, దాన్ని ఒక మిల్లీమీటరుకు కాస్త మించేలా చేయండి. అంచులు నునుపుగా ఉండాలి. మసకగా ఉన్న కంటితో ఆ రంధ్రంలోంచి అదే అక్షరాన్ని చూడండి.

స్పష్టంగా కనిపిస్తే లోపం ఎక్కువగా కళ్ళజోడుతో సరిపోయేదే. చిన్న రంధ్రంలోంచి నేరుగా వచ్చే కొద్దిపాటి కిరణాలే కంట్లోకి వెళతాయి కాబట్టి వాటిని వంచి ఒకచోట చేర్చే పని తగ్గుతుంది. మార్పేమీ లేకపోయినా, ఇంకా మసకైనా కారణం లోపల ఎక్కడో ఉంది: శుక్లం, రెటీనా (కంటి వెనకవైపు బొమ్మ పడే పొర), కంటి నరం, లేదా చిన్నప్పుడు వాడుకలోకి రాకుండా పోయిన కన్ను. అలాంటివారు కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళి ప్రయోజనం లేదు, కంటి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. ఇది రోగనిర్ధారణ మాత్రం కాదు. ఎటు వెళ్ళాలో చెప్పే గుర్తు, అంతే.

దగ్గరి చూపు, చత్వారం

నలభై దాటాక పేపరును చేయి చాచి పట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలవడం జబ్బు కాదు. కంటిలోని కటకం వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువుల కోసం ఉబ్బలేకపోతుంది. దూరానికి కళ్ళజోడు అవసరం లేనివారికి మొదట +1.00 దగ్గర మొదలై, అరవై నాటికి +2.50 దాకా వెళ్ళి దాదాపు అక్కడే ఆగుతుంది. అద్దాలు పెట్టుకోవడం వల్ల నంబరు పెరిగిందన్నది అపోహ. పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా వయసు తన పని తాను చేసుకుపోతుంది.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో తీసుకున్న చదువుకునే అద్దాలనే ఇప్పటికీ వాడుతున్నవాళ్ళు ఉన్నారు. చాలామందికి ఇన్నేళ్ళలో నంబరు మారిపోయి ఉంటుంది. రోడ్డు పక్క దొరికే రెడీమేడ్ అద్దాలు, రెండు కళ్ళకూ ఒకే పవరు సరిపోయేవారికి అవసరానికి పనికొస్తాయి. వాటి అసలు నష్టం పవరు తేడా కాదు. అక్షరాలు కనిపించాయి కదా అని కంటి పరీక్షే మానేస్తారు.

దీనికి తిరగబడిన సంగతి ఒకటుంది. అరవై అయిదేళ్ళ మనిషి ఒకనాడు కళ్ళజోడు లేకుండానే పేపరు చదవడం మొదలుపెడతాడు. ఇంట్లో అందరూ సంబరపడతారు. శుక్లం కటకం మధ్యలో ముదురుతున్నప్పుడు హ్రస్వదృష్టి (దగ్గరివి కనిపించి దూరానివి మసకబారడం) వచ్చి ఇలా జరుగుతుంది. దూరపు చూపును పరీక్షిస్తే అది తగ్గి ఉంటుంది. శుక్లాన్ని కరిగించే చుక్కలు లేవు. పూర్తిగా ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలపు పద్ధతి. రోజువారీ పనికి అడ్డం వచ్చినప్పుడు ఆపరేషన్ చేయించుకోవచ్చు. బాగా ముదరనిస్తే ఆపరేషనే కష్టమవుతుంది.

గళ్ళ కాగితం

యాభై దాటినవారు, షుగరు ఉన్నవారు దీన్ని చేసుకోవాలి. లెక్కల నోటుబుక్కు గళ్ళ కాగితం మీద 10 సెంటీమీటర్ల చదరం గీసి, నడిమధ్య చుక్క పెట్టండి. చదువుకునే అద్దాలు పెట్టుకుని, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కంటితో చుక్కనే చూడండి. చూపు చుక్క మీదే ఉంచి చుట్టూ గళ్ళు ఎలా ఉన్నాయో గమనించండి. గీతలు వంకరపోయినా, ఎక్కడైనా గళ్ళు మాయమైనా రెటీనా మధ్యభాగంలో తేడా వచ్చిందని అనుమానించాలి. తలుపు చట్రం, కరెంటు స్తంభం వంగినట్టు కనిపించడం కూడా ఇలాంటిదే. కొత్తగా మొదలైతే వచ్చే నెల దాకా ఆగకండి, ఒకటి రెండు రోజుల్లోనే వెళ్ళండి.

ఇంటి పరీక్షకు దొరకనిది

నీటికాసులు (గ్లాకోమా). పై పరీక్షలన్నీ పాసైన కంట్లోనూ ఇది ఉండవచ్చు. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, అక్షరాలు చివరిదాకా కనిపిస్తూనే ఉంటాయి. పక్కచూపు మాత్రం కొద్దికొద్దిగా తగ్గిపోతుంది. పోయిన చూపు ఏ మందుతోనూ, ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మిగిలేది. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో ఎవరికైనా ఉంటే మీరూ చూపించుకోవాలి. స్టెరాయిడ్ చుక్కలో, మాత్రలో ఎక్కువకాలం వాడినవారూ అంతే.

అందువల్ల ఇబ్బంది లేకపోయినా వెళ్ళాల్సిన సమయాలు కొన్ని ఉన్నాయి.

34 వారాలు నిండకుండా పుట్టిన, లేదా 2 కిలోల కన్నా తక్కువ బరువున్న బిడ్డకు పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి. మరీ ముందుగా పుడితే ఇంకా ముందే. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన హడావుడిలో ఈ తేదీ దాటిపోతే కొందరు పిల్లలకు జీవితాంతం చీకటే. నాలుగు నెలలు దాటాక కూడా మెల్లకన్ను ఉంటే అదృష్టమని మురిసిపోకుండా చూపించండి. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో కనుపాప తెల్లగా మెరిస్తే వెంటనే వెళ్ళండి. కంటిలో కణితి తొలిగుర్తు అది కావచ్చు.

మూడు నాలుగేళ్ళప్పుడు ఒకసారి, బడిలో వేసేముందు మరోసారి పరీక్ష చేయించండి. ఒక కంటికి మాత్రమే ఎక్కువ పవరున్న పిల్లవాడు ఏ ఫిర్యాదూ చేయడు. మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. ఏడెనిమిదేళ్ళలోపు దొరికితే అద్దాలతో, మంచి కంటికి పట్టీ వేయడంతో బాగుపడే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. అద్దాలు వచ్చిన పిల్లలకు ఏటా చూపించాలి. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకుంటే హ్రస్వదృష్టి మొదలవకుండా కొంత అడ్డుకట్ట పడుతుంది.

పెద్దల్లో నలభై ఏళ్ళకు ఒకసారి పూర్తి పరీక్ష, తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం. టైప్-2 షుగరు బయటపడిన రోజే కంటి పరీక్షకూ చీటీ రాయించుకోండి, ఆపైన ఏటా. చూపు 6/6 ఉన్నప్పుడే రెటీనాలో రక్తపు చుక్కలు మొదలై ఉండవచ్చు. షుగరు ఉన్నవారు గర్భం దాలిస్తే మొదటి నెలల్లోనే చూపించుకోవాలి. టీబీకి ఇథాంబ్యుటాల్, కీళ్ళవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు ఆ మాట కంటి డాక్టరుకు చెప్పాలి. రంగులు వెలిసినట్టు కనిపిస్తే మందు రాసిన డాక్టరును ఆ రోజే కలవండి.

ఆ రోజే వెళ్ళాల్సినవి

ఉన్నట్టుండి ఒక కంటి చూపు పోవడం, అది కాసేపటికి తిరిగి వచ్చినా సరే. మెరుపులతో పాటు నల్లని చుక్కలు గుంపుగా రాలడం, పక్కనుంచి తెర దిగినట్టు ఉండడం. కన్ను ఎర్రబడి, భరించలేని తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ ఇంద్రధనుస్సు లాంటి వలయాలు. కొత్తగా ఒకటి రెండుగా కనిపించడం. వీటిలో ఏదైనా సరే, రేపటికి వాయిదా వేయకండి.

కంట్లో సున్నం, యాసిడ్, పురుగుమందు పడితే మొదటి వైద్యం నీళ్ళే. రెప్పలు తెరిచి పట్టుకుని శుభ్రమైన నీటిని కనీసం 30 నిమిషాలు ధారగా పోయండి, రెప్పల కింద ఇరుక్కున్న సున్నపు ముక్కలు కూడా కడుక్కుపోవాలి. ఆసుపత్రికి బయల్దేరడం ఆ తర్వాతే. నూర్పిళ్ళప్పుడు వడ్లపొట్టు గీసుకుని కన్ను ఎర్రబడితే ఆముదం, చనుబాలు, ఆకుపసర్లు పోయకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఆ గాయంలో చేరిన ఫంగస్ (బూజు) మరింత చెలరేగుతుంది. నల్లగుడ్డు మీద పువ్వు వేశాక చూపు మునుపటిలా రావడం కష్టం.

పరీక్షకు వెళ్ళేటప్పుడు

షాపులో కంప్యూటరు ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి ఇచ్చే చీటీ కంటి పరీక్ష కాదు. అది నంబరుకు తొలి అంచనా. దాన్ని అక్షరాల పలకతో, ఒక్కో అద్దం మార్చి చూసి సరిచేయాలి. పూర్తి పరీక్షలో కంటి ఒత్తిడి కొలవడం (మామూలుగా 10 నుంచి 21 మి.మీ. పాదరసం వరకు ఉంటుంది), చుక్కలు వేసి కనుపాప విప్పార్చి రెటీనా, కంటి నరం చూడడం ఉంటాయి. ఇవి జరిగాయా లేదా అని అడగండి.

పాత కళ్ళజోడు, పాత చీటీలు, వాడుతున్న మందులన్నీ తీసుకెళ్ళండి. చుక్కలు పని చేయడానికి అరగంట పడుతుంది, తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు మసకగా, వెలుతురు గుచ్చుకునేలా ఉంటుంది. బండి మీద ఒంటరిగా వెళ్ళకండి. పిల్లలకు వేసే కొన్ని మందుల ప్రభావం రోజుల తరబడి ఉంటుంది కాబట్టి పరీక్షల వారానికి ముందు పెట్టుకోవద్దు. షుగరు బాగా ఎక్కువగా ఉంటే కటకం నీరు పట్టి నంబరే మారిపోతుంది. అది కొన్ని వారాలు అదుపులో ఉన్నాకే కొత్త అద్దాలు చేయించుకోండి, లేకపోతే డబ్బు దండగ.

చీటీలో మైనస్ హ్రస్వదృష్టికి, ప్లస్ దీర్ఘదృష్టికీ చత్వారానికీ. సిలిండర్, యాక్సిస్ అని ఉన్నవి నల్లగుడ్డు వంపు అన్ని దిక్కులా సమానంగా లేనందుకు. మైనస్ నంబరుతో ఒకటిని భాగిస్తే అద్దాలు లేకుండా ఎన్ని మీటర్ల వరకు స్పష్టంగా కనిపిస్తుందో తెలుస్తుంది: -2.00 అయితే అర మీటరు, -4.00 అయితే పావు మీటరు.

కొత్త జోడు పెట్టుకోగానే నేల ఎత్తుపల్లాలుగా అనిపిస్తే, ముఖ్యంగా సిలిండర్ మారినప్పుడు, వారం పది రోజులు విడవకుండా వాడి చూడండి. అప్పటికీ తల తిరుగుతుంటే చీటీ, జోడు రెండూ పట్టుకుని తిరిగి వెళ్ళండి. అద్దాల పవరు చీటీలో ఉన్నదేనా, రెండు కనుపాపల మధ్య దూరానికి అద్దాల మధ్యబిందువులు సరిపోయాయా అని మిషన్ మీద పెట్టి చూడమనండి. అయిదు నిమిషాల పని.