కింది నుంచి పైకి రాసే పుస్తకం: రోజూ నడిచే దారిలో పాత రోజులను రాసుకోవడం ఎలా

ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా పని చేశాను. ఆ ఉద్యోగమంతా నడకే. కానీ ఎప్పుడు నడిచినా ఎవరి పొలం కోసమో, ఎవరి హద్దు కోసమో నడిచాను. రిటైరైన మర్నాడు అలవాటుగా ఐదింటికే మెలకువ వచ్చింది. బూట్లు వేసుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఎటు వెళ్లాలో తోచలేదు. చేతిలో నక్షా లేదు, కొలవాల్సిన గీతా లేదు. కాసేపు అక్కడే నిలబడి, బూట్లు విప్పేసి లోపలికి వచ్చేశాను.

ఇది తొమ్మిదేళ్ల కిందటి మాట. ఇప్పుడు రోజూ నలభై నిమిషాలు నడుస్తాను. ఆ నడకలో నా పాత రోజులు ఒక్కొక్కటిగా కాగితం మీదికి వస్తున్నాయి. కొత్తగా రిటైరైన స్నేహితులు "రోజూ అదే దారి, విసుగు పుట్టదా?" అని అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పిన పద్ధతినే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. దీనికి సర్వే పని తెలియనక్కర్లేదు.

ముందు దారి కుదరాలి

ఒకే దారి పెట్టుకోండి. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట ఇదే. కొత్త దారిలో కళ్లకు పని ఎక్కువ. గుంట ఎక్కడుందో, మలుపు తిరిగాక ఏం ఎదురొస్తుందో చూసుకోవాలి. తెలిసిన దారిలో కాళ్లు వాటి పని అవి చూసుకుంటాయి, మనసుకు ఖాళీ దొరుకుతుంది.

ఆ దారిలో ఐదారు గుర్తులు ఎంచుకోండి. మా పనిలో వీటిని స్టేషన్లు అంటాం. అవి కదలనివై ఉండాలి, వచ్చే ఏడూ అక్కడే ఉండాలి. నా స్టేషన్లు ఇవి: తుప్పు పట్టిన ఇనుప గేటు, కొద్దిగా ఒరిగిన స్తంభం, కల్వర్టు, వేళ్లు పైకి తేలిన ముసలి చెట్టు, ఎత్తు గోడ, చివర్లో మూడు మెట్లు. ఆగి ఉన్న వాహనాన్నో, పూలు పూసిన కొమ్మనో గుర్తుగా పెట్టుకుంటే నెల తిరిగేసరికి మీ స్టేషన్ ఉండదు.

చోటుకూ జ్ఞాపకానికీ దగ్గరి సంబంధం ఉంది. 1971లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త, ఎలుక ఫలానా చోట ఉన్నప్పుడే చురుకయ్యే కణాలు దాని మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో ఉన్నాయని చూపించాడు. 2014లో ఆయనకూ, ఇదే దారిలో పని చేసిన మోసర్ దంపతులకూ కలిపి నోబెల్ ఇచ్చారు. మనుషుల్లో, మనకు జరిగిన సంగతులు నిలవడానికి కూడా ఆ భాగమే కావాలి. నా అనుభవంలో, గేటు దగ్గర ఒకసారి గుర్తొచ్చింది మర్నాడు గేటు దగ్గరికి రాగానే మళ్లీ వస్తుంది. పిలవనక్కర్లేదు.

మొదటి పదిహేను రోజులు ఏమీ గుర్తు చేసుకోవద్దు. పుస్తకం కూడా పట్టుకెళ్లొద్దు. ఊరికే నడవండి, గుర్తులను చూడండి, దారిని కాళ్లకు అలవాటు చేయండి.

ఎంత నడవాలి, ఎంత వేగంగా

దీని మీద ఎక్కువ రాయను. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముక్కలు ముక్కలుగా నడిచినా లెక్కలోకి వస్తుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఊపిరి చాలకూడదు. వేగానికి అదే కొలత. పదివేల అడుగులని టెన్షన్ పడకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క పరికరం పేరులోంచి వచ్చింది, వైద్యుల పరీక్షల్లోంచి కాదు. మొదటి ఐదు నిమిషాలూ, చివరి ఐదు నిమిషాలూ నెమ్మదిగా నడవండి. ఛాతీలో నొప్పి, తల తిరగడం, మామూలుగా రాని ఆయాసం వస్తే అక్కడే ఆగి మనుషులను పిలవండి, ఇంటిదాకా లాక్కురావద్దు.

ఒక్కటి మాత్రం అందరూ చేయాలని కోరుకుంటాను. తిన్నగా ఉన్న చోట 100 మీటర్లు కొలిపించుకుని, అందులో మీకు ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టండి. సర్వీసులో చేరిన కొత్తలో నాకు 131 అడుగులు పట్టేవి. ఇప్పుడు 160. నెలకోసారి ఇలా లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. ఏళ్ల మీద నెమ్మదిగా పెరగడం వయసు. ఒకటి రెండు నెలల్లోనే బాగా పెరిగితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

2011లో వచ్చిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పాలి. 120 మంది పెద్దవాళ్లను రెండు గుంపులు చేసి ఏడాది పాటు చూశారు. వారానికి మూడు రోజులు, మెల్లగా పెంచుకుంటూ నలభై నిమిషాల దాకా నడిచిన గుంపులో హిప్పోకాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసిన రెండో గుంపులో కొంచెం తగ్గింది. నలభై నిమిషాలు అనే లెక్క నేను అక్కడి నుంచే తీసుకున్నాను.

పుస్తకం ఎలా రాయాలి

గొలుసుతో భూమి కొలిచేటప్పుడు మేం ఫీల్డ్ బుక్ రాసేవాళ్లం. చూడని వాళ్లకు అది వింతగా ఉంటుంది. పేజీ మధ్యలో నిలువుగా రెండు గీతలు ఉంటాయి. రాత కింది నుంచి మొదలై పైకి వెళ్తుంది. ఎందుకంటే కొలిచేవాడు ముందుకు చూస్తూ నడుస్తాడు, పుస్తకం కూడా అతనితో పాటు ముందుకు సాగాలి. మధ్యలో గొలుసు దూరం రాస్తాం. ఎడమ పక్క కనిపించింది ఎడమ పక్కన, కుడి పక్క కనిపించింది కుడి పక్కన రాస్తాం. బావి, చెట్టు, గట్టు మూల, ఏదైనా సరే, నేల మీద గొలుసు వేసిన గీత నుంచి ఎంత పక్కకు ఉందో అంత. దాన్ని ఆఫ్‌సెట్ అంటాం.

నా జ్ఞాపకాలను కూడా ఇలాగే రాస్తున్నాను. మధ్యలో స్టేషన్ పేరు, తేదీ. కుడి పక్కన ఆ పూట అక్కడ కంటికి కనిపించింది. ఎడమ పక్కన మనసుకు వచ్చింది. ఎడమ పక్క రెండు మూడు మాటలు చాలు: "మేస్త్రీ గొడుగు, విరిగిన పుల్ల." ఇంటికి వచ్చాక ఆ రెండు మాటల చుట్టూ పది వాక్యాలు రాయొచ్చు. దారిలోనే పది వాక్యాలు రాయబోతే నడకా పోతుంది, జ్ఞాపకమూ పోతుంది. చేతివ్రాత కష్టమైన వాళ్లు ఫోన్లో నాలుగు మాటలు రికార్డు చేసుకోవచ్చు. చెవుల్లో పాటలు మాత్రం వద్దు.

మొదట్లో ఎడమ పక్క ఖాళీగానే ఉంటుంది. "మీ జీవితంలో సంతోషమైన రోజు ఏది?" లాంటి పెద్ద ప్రశ్నలు వేసుకుంటే ఇంకా ఖాళీగా ఉంటుంది. చిన్న ప్రశ్న వేసుకోండి. మీరు మొదట అద్దెకున్న గదిలో కిటికీ ఏ వైపు ఉండేది? మొదటి జీతం డబ్బులు చొక్కా జేబులో పెట్టుకున్నారా, సంచిలోనా? మీతో రోజూ పక్కన కూర్చున్న మనిషి చెప్పుల చప్పుడు ఎలా ఉండేది? ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుని, ఇక దాన్ని వదిలేయండి. నాకైతే మూడో స్టేషన్ దాటాక, అంటే పావుగంట నడిచాక, జవాబు దానంతట అదే వస్తుంది. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి పెద్దతనంలో ఎక్కువగా గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు అంటారు. నా పుస్తకాల్లోనూ ఎడమ పక్కన ఉన్నవాటిలో సగానికి పైగా ఆ వయసువే.

తొలి వాన పడ్డ మర్నాడు తప్పకుండా నడవండి. జారుడు లేని దారి అయితేనే. తడి మట్టి వాసన తెచ్చే జ్ఞాపకాలు ఏ ప్రశ్నకూ రావు. ఒక వానలో నేనూ, కొలిచేటప్పుడు నాతో గొలుసు పట్టే మా చైన్‌మనూ నక్షాలు తడవకుండా ఇద్దరి చొక్కాలూ విప్పి వాటికి చుట్టి, ఒక గట్టు కింద వణుకుతూ గంట సేపు కూర్చున్నాం. ముప్పై ఏళ్లు మరిచిపోయిన ఆ గంట, చెట్టు దగ్గర ఒక్క శ్వాసలో వచ్చేసింది.

గొలుసు సాగుతుంది

పెన్సిల్ ఒకటి, పెన్ను ఒకటి పెట్టుకోండి. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు పెన్సిల్‌తో రాయండి. ఇంకొకరితోనో, పాత ఉత్తరంతోనో, ఫొటోతోనో సరిచూసుకున్నాకే దాని మీద పెన్ను పెట్టండి. ఈ నియమాన్ని నాకు నేర్పింది ఒక తప్పు.

మా గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 1620లో ఎడ్మండ్ గంటర్ వాడుకలోకి తెచ్చిన కొలత అది. గొలుసు చివర పాతడానికి పది ఇనుప మేకులు ఉంటాయి. వెనక నడిచే మనిషి ఒక్కో మేకూ ఏరుకుంటూ వస్తాడు. చేతిలో పదీ చేరితే పది గొలుసులు అయినట్టు. గొలుసుకు ఉన్న ఇబ్బంది ఏమిటంటే వాడేకొద్దీ సాగుతుంది. లాగిలాగి కడియాలు తెరుచుకుంటాయి, లింకులు అరుగుతాయి. అందుకే పని మొదలుపెట్టే ముందు దాన్ని అసలు కొలతతో సరిచూడాలి.

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు ఒకసారి సరిచూడకుండా పని మొదలుపెట్టాం. గొలుసు మూడు అంగుళాలు సాగి ఉంది. పది గొలుసుల దూరంలో హద్దు రాయి పాతాలి. పది మూళ్లు ముప్పై అంగుళాలు, అంటే రెండున్నర అడుగులు, రాయి పక్క పొలంలోకి వెళ్లిపోయింది. ఆ పక్క పొలం మనిషికి ఉన్నదే చిన్న చెక్క. మూడు నెలల తర్వాత గొలుసు పరీక్షలో తేడా బయటపడితే, వెళ్లి రాయి తీసి సరైన చోట పాతాం. అతను ఒక్క మాట అనలేదు. రాయి తీసిన గుంటను కాలితో పూడ్చి, మట్టిని అదిమి, పనిలోకి వెళ్లిపోయాడు. నేను క్షమించమని అడగలేదు.

ఈ సంగతి రోజూ కల్వర్టు దగ్గర వచ్చేది. వస్తుందని భయపడి కొన్నాళ్లు కల్వర్టు తప్పించి వేరే పక్క నడిచాను కూడా. మీకూ ఇలాంటివి వస్తాయి. నా సలహా ఏమిటంటే, దారి మార్చొద్దు. అది వచ్చినప్పుడు వేగం కొంచెం పెంచి, తర్వాతి స్టేషన్ దాకా అడుగులు లెక్కపెట్టండి. ఇంటికి వచ్చాక కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి పూర్తిగా రాయండి. ముక్కలుగా తిరిగే జ్ఞాపకం కంటే పూర్తిగా రాసిన జ్ఞాపకం తక్కువ బాధ పెడుతుంది. పోయినవాళ్ల గురించి అయినా అంతే. కానీ ఏ రోజు నడిచినా అదే దిగులు, నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు అనే స్థితి వారాల తరబడి ఉంటే, పుస్తకం పక్కన పెట్టి డాక్టరును కలవండి.

నేనూ పూర్తిగా రాశాను, పెన్సిల్‌తో. అందులో "గొలుసు సరిచూడ్డం చైన్‌మన్ మరిచిపోయాడు" అని రాశాను. అలాగే గుర్తుంది మరి, ముప్పై ఏళ్లుగా. ఐదేళ్ల కిందట ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పేజీ చదివి వినిపించాను. ఆయన కాసేపు ఊరుకుని, "సరిచూద్దామని నేనన్నాను సారూ, పొద్దెక్కుతోంది పదమన్నది మీరు" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా అన్నాడు. ఆ మాట వినగానే ఆ పూట ఎండ, నా గొంతు, నేను చెయ్యి ఊపిన తీరు అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ఆయన చెప్పిందే నిజం.

జ్ఞాపకాన్ని తలుచుకున్నప్పుడు అది కొంతసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడుతుందనీ, ఆ మధ్యలో మారే వీలుందనీ 2000లో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. నేను ఎన్ని వందల సార్లు తలుచుకుని ఉంటానో, తలుచుకున్నప్పుడల్లా తప్పును కొంచెం కొంచెం చైన్‌మన్ వైపు జరుపుతూ వచ్చాను. అందుకే మీరు బాగా గుర్తుందనుకునే వాటినే ముందు సరిచూడండి. అక్కచెల్లెళ్లను, పాత తోటి ఉద్యోగులను అడగండి. వాళ్లు ఉండగానే అడగండి. అడిగేటప్పుడు మీ కథ ముందు చెప్పకండి, "ఆ రోజు ఏం జరిగింది?" అని వాళ్లను చెప్పనివ్వండి.

జ్ఞాపకాన్ని పక్కన పెట్టాల్సిన చోట్లు

రోడ్డు దాటేటప్పుడు, మెట్ల మీద, తడి నేల మీద ఏ జ్ఞాపకమూ వద్దు. మాట్లాడాల్సి వస్తే నడక ఆపేసే వృద్ధులు ఎక్కువగా పడిపోతున్నారని 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. వయసు మీద పడ్డాక నడకకు కూడా మనసు పెట్టాల్సి వస్తుంది. నా ఆరో స్టేషన్ మూడు మెట్లు. అక్కడ పక్కనున్న కమ్మీని పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అని పైకే అంటాను. పుస్తకంలో ఆ స్టేషన్ ఎడమ పక్క ఎప్పుడూ ఖాళీయే. రాసేటప్పుడు కూడా నిలబడి, వీలైతే గోడకు ఆనుకుని రాయండి.

ఖాళీ వదలండి

పేజీని నింపేయకండి. ఎడమ పక్క కనీసం మూడు వేళ్ల వెడల్పు వదలండి. నెలకోసారి పాత పేజీలు తిరగేయండి, నడకకు బయల్దేరే ముందు అయితే మంచిది. ఏడాది తర్వాత వచ్చే ముక్కలు ఉంటాయి, వాటికి చోటు కావాలి. వచ్చినప్పుడు పక్కన ఆ తేదీ కూడా వేయండి.

మా చైన్‌మన్ పోయి రెండేళ్లయింది. ఆయన గురించి నా దగ్గర నలభై పేజీలు ఉన్నాయి, చాలా వరకు పెన్నుతోనే. అందులో ఒక ఖాళీ నాలుగేళ్లు అలాగే ఉండిపోయింది: పదో మేకు చేతికి రాగానే ఆయన వెనక నుంచి ఒక కేక వేసేవాడు, ఆ మాట ఏమిటో రాలేదు. "పది" అని మాత్రం కాదు. పోయిన నెల గోడ నీడలో నడుస్తుంటే, వెనక ఎవరో తాళంచెవుల గుత్తి పైకెగరేసి పట్టుకున్నారు. ఆ ఇనుము చప్పుడుకు వచ్చేసింది: "గుప్పిట నిండింది సారూ!" గోడకు ఆనుకుని, ఆ పాత పేజీ కోసం ఇంటిదాకా ఆగలేక, ఆ రోజు పేజీలోనే రాసేశాను. సరిచూసుకోవడానికి ఇప్పుడు ఆయన లేడు. దాన్ని పెన్సిల్‌లోనే ఉంచాను.