చోడిపిండి కేకులో పంచదార బదులు తేనె

సీతంపేట ఏజెన్సీ వైపు నుంచి తెచ్చుకున్న తేనె ఇంట్లో ఉంటే, చోడిపిండి (రాగిపిండి) కేకులోకి పంచదార మానేసి అదే వాడొచ్చు. కప్పుకి కప్పు మాత్రం పోయకండి. కప్పు పంచదార పడే చోట ముప్పావు కప్పు తేనె చాలు. తేనెలో 17, 18 శాతం దాకా నీరే ఉంటుంది, కాబట్టి పాలు మూడు పెద్ద చెంచాలు తగ్గించాలి. లేదంటే కేకు మధ్యలో ముద్దగా ఉండిపోతుంది. తేనెకి కాస్త పులుపు గుణం ఉంది కనుక, పావు టీస్పూను వంటసోడా కలిపితే బాగా పొంగుతుంది. కొలిచే కప్పుకి ముందు నూనె రాస్తే తేనె అంటుకోకుండా జారిపోతుంది.

అసలు జాగ్రత్త మంట దగ్గర. తేనె పంచదార కంటే తొందరగా మాడుతుంది. ఓవెన్ 180 డిగ్రీలైతే 165కి దించండి, కుక్కర్లో చేసేవాళ్లు సన్నమంటే పెట్టండి. చోడిపిండి రంగే ముదురు, మాడినా కంటికి తెలీదు. వాసన కనిపెట్టుకుని, పుల్ల గుచ్చి చూసుకోవాలి.

పరమాన్నంలో అయితే పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాకే కలపాలి. మరుగుతున్న పాలలో పోస్తే విరగొచ్చు. అరిసెలకి తేనె జోలికి పోవద్దు, ఆ పాకం బెల్లంతోనే కుదురుతుంది.

సుగర్ ఉన్నవాళ్లు తేనె కదా అని ఎక్కువ తినకండి, అదీ చక్కెరే. ఏడాది నిండని పిల్లలకి మాత్రం కేకులో ఉడికిన తేనె కూడా పెట్టకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిముల బీజాలు ఆ వేడికి చావవు.