విండోస్ అప్‌డేట్ వల్ల సిస్టమ్ స్లో అయిపోతుంటే ఏం చేయాలి?

మీరు ఏమీ తెరవకుండానే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరున తిరుగుతూ, ఏది క్లిక్ చేసినా అర నిమిషం పడుతుంటే వైరస్ అని టెన్షన్ పడకండి. ముందు క్యాలెండర్ చూడండి. మైక్రోసాఫ్ట్ తన ముఖ్యమైన అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం, అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలకు విడుదల చేస్తుంది. మనకు అప్పుడు రాత్రి 10:30 లేదా 11:30 అవుతుంది. అందుకే ఆ మర్నాడు, బుధవారం పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే చాలామందికి ఈ ఇబ్బంది మొదలవుతుంది.

1. కారణం ఏమిటో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసెస్‌లో సీపీయూ అన్న మాట మీద క్లిక్ చేస్తే ఎక్కువ వాడుతున్నవి పైకి వస్తాయి. అక్కడ విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ గానీ, సర్వీస్ హోస్ట్ విండోస్ అప్‌డేట్ గానీ ఉంటే కారణం దొరికినట్టే. యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ కూడా పక్కనే కనిపించవచ్చు. అది డిఫెండర్, అంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, కొత్తగా వచ్చిన ఫైళ్లను తనిఖీ చేస్తుంటుంది. వీటిలో దేనికీ ఎండ్ టాస్క్ కొట్టకండి. పైన బ్రౌజర్ ఉంటే మాత్రం సమస్య వేరే.

2. ఒక రాత్రి వదిలేయండి

అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే, చాలామంది చేయనిదీ ఇదే. అప్‌డేట్ అంటే డౌన్‌లోడ్ ఒక్కటే కాదు. దిగిన ఫైళ్లను విప్పాలి, సిస్టమ్‌లో ఉన్నవాటితో పోల్చాలి, పాతవాటి స్థానంలో పెట్టాలి. పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్లలో దీనికి గంటలు పట్టవచ్చు. మనమేమో అరగంట వాడి మూత మూసేస్తాం. సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్తుంది, పని మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ తెరవగానే అదే హోరు. కాబట్టి ఛార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ అని మార్చి, మూత తెరిచే ఉంచి పడుకోండి. పొద్దున రీస్టార్ట్ చేయండి. ఆ రీస్టార్ట్ తప్పనిసరి, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదు.

3. అర్జెంటు పని ఉంటే పాజ్ చేయండి

ఆన్‌లైన్ పరీక్షో, ఆఫీసు మీటింగో ఉంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి పాజ్ నొక్కండి. విండోస్ 11లో 5 వారాల దాకా ఆపుకోవచ్చు. అక్కడే ఉండే యాక్టివ్ అవర్స్ మీరు పనిలో ఉన్నప్పుడు రీస్టార్ట్ కాకుండా చూస్తుందే తప్ప సీపీయూ భారాన్ని తగ్గించదు.

అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేయమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ దాడి చేసిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకోని సిస్టమ్‌లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లనూ తాకింది.

4. షేరింగ్ ఆపండి

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ ఉంటుంది. మీకు వచ్చిన అప్‌డేట్‌ను మీ సిస్టమ్ ఇతర కంప్యూటర్లకు పంపకుండా దాన్ని ఆఫ్ చేయండి. నెట్ డేటా కూడా మిగులుతుంది.

5. అయినా తగ్గకపోతే

రాత్రంతా వదిలి, రీస్టార్ట్ చేసినా అదే పరిస్థితి అంటే దిగిన ఫైళ్లు పాడై ఉండవచ్చు. ముందు సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూట్‌కి వెళ్లి విండోస్ అప్‌డేట్ పక్కన రన్ నొక్కండి. దాంతోనూ కుదరకపోతే స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరవండి. విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ అనే రెండింటి మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ కొట్టండి. తర్వాత సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, దానిలో డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిచి లోపలున్నవన్నీ డిలీట్ చేయండి. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు అక్కడ ఉండవు, భయం లేదు. సిస్టమ్ రీస్టార్ట్ చేసి చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. అంతా మొదటి నుంచి మళ్లీ దిగుతుంది కాబట్టి కాసేపు సీపీయూ వాడకం పెరుగుతుంది. ఈసారి మాత్రం మధ్యలో ఆపకండి.