ఫ్లెక్స్ షాపులో ఫైళ్ళన్నీ ఒకేచోటికి తెచ్చుకోవాలంటే: న్యాస్ పెట్టే పద్ధతి

పెళ్ళిళ్ళ సీజన్‌లో ఏ ఫ్లెక్స్ షాపుకెళ్ళినా పొద్దున్నే ఒకటే గోల, "మొన్నటి బ్యానర్ ఫైల్ ఎవరి సిస్టమ్‌లో ఉంది?" అని. అది చేసిన డిజైనర్ సెలవు, వాళ్ళ సిస్టమ్‌కి పాస్‌వర్డ్, పార్టీ వాళ్ళేమో వచ్చి కూర్చున్నారు, ఎలాగో తెరిస్తే డెస్క్‌టాప్ మీద ఫైనల్, ఫైనల్ 2, లాస్ట్ ఫైనల్ అని మూడుంటాయి, అందులో ఏది ప్రింటయిందో ఎవరికీ తెలీదు. నేను ఇలాంటి చిన్న షాపులకి సిస్టమ్స్ చూస్తుంటా, ఐదారుగురు డిజైనర్లు, ఒక రిప్ సిస్టమ్ (డిజైన్ ఫైల్‌ని ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చి పంపేది), ఒక బిల్లింగ్ కౌంటర్ ఉన్న చోట న్యాస్ ఎలా పెట్టుకోవాలో చెప్తా. న్యాస్ అంటే ల్యాన్ కేబుల్‌తో నెట్‌వర్క్ స్విచ్‌కి (సిస్టమ్‌లన్నిటినీ కలిపే బాక్స్) తగిలించే హార్డ్ డిస్క్‌ల డబ్బా, దాంట్లోనే చిన్న ప్రాసెసర్, ఓఎస్ ఉంటాయి కాబట్టి ఎవరి సిస్టమ్ ఆపేసినా అది మాత్రం నడుస్తూనే ఉంటుంది. డిజైనర్ సిస్టమ్‌లో ఫోల్డర్ షేర్ చేసుకుని నడిపే వాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ ఆ సిస్టమ్ రీస్టార్ట్ అయినప్పుడల్లా షాపంతా ఆగాల్సిందే కదా.

డబ్బా కొనే ముందు మీ లైన్ చూస్కోండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కొన్ని షాపుల్లో ఇంకా పాత 100 ఎంబీపీఎస్ స్విచ్‌లే ఉన్నాయి, దాని మీద సెకనుకి 11 ఎంబీ మించి రాదు, అంటే 600 ఎంబీ టిఫ్ ఫైల్ రిప్ సిస్టమ్‌కి వెళ్ళడానికి దాదాపు నిమిషం. అదే గిగాబిట్ స్విచ్, క్యాట్ 6 కేబుల్ అయితే సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, అదే ఫైల్ ఐదారు సెకన్లు. కేబుల్‌లో ఒక్క జత వైరు సరిగ్గా క్రింప్ కాకపోయినా లైన్ 100కి పడిపోతుంది, అందుకే ప్రతి సిస్టమ్‌లో నెట్‌వర్క్ స్టేటస్ తెరిచి స్పీడ్ 1.0 జీబీపీఎస్ అని చూపిస్తోందో లేదో కళ్ళతో చూడండి. వైఫై మీద మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

సైజు సంగతి. అన్ని సిస్టమ్‌ల్లో ఉన్న జాబ్ ఫైళ్ళు కూడండి, దానికి రెట్టింపు చేయండి, చాలా షాపులకి 4 టీబీ సరిపోతుంది. రెండు డిస్క్‌ల న్యాస్ తీస్కుని రెండూ 4 టీబీవి వేసి రెయిడ్ 1 పెడితే మీకు వాడుకోడానికి 4 టీబీనే వస్తుంది, రెండోది మొదటిదానికి అద్దం లాంటిది, ఒకటి పోయినా పని ఆగదు. సైనాలజీ, క్యూనాప్ లాంటివి రెడీమేడ్‌గా దొరుకుతాయి, పాత సిస్టమ్‌నే న్యాస్‌గా మార్చే ఓపెన్ మీడియా వాల్టో ట్రూన్యాసో వేసుకోవచ్చు గానీ దాన్ని చూసుకునే మనిషి షాపులో ఉంటేనే అటు వెళ్ళండి. డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ (డేటా ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా రాసే రకం) అని అడిగి తీస్కోండి, సీగేట్ ఐరన్‌వోల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ అలాంటివే. ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ డిస్క్‌లు మామూలుగా బానే ఉంటాయి, డిస్క్ మార్చి రెయిడ్ మళ్ళీ కట్టుకునేటప్పుడు మాత్రం ప్రాణం తీస్తాయి. యూపీఎస్ తప్పనిసరి, యూఎస్‌బీ కేబుల్ ఉన్నది తీస్కుని న్యాస్‌కి కలిపితే కరెంట్ పోయి బ్యాటరీ అయిపోతున్నప్పుడు అదే నీట్‌గా షట్‌డౌన్ అవుతుంది.

పెట్టాక రూటర్‌లో న్యాస్‌కి ఒక ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్) ఫిక్స్ చేయండి, 192.168.1.50 అనుకోండి, లేకపోతే ఏదో ఒకరోజు రూటర్ ఆఫ్ అయి ఆన్ అయ్యాక ఐపీ మారి అందరికీ డ్రైవ్ మాయమవుతుంది.

ఇక అసలు పని ఫోల్డర్లు. ఇది ఓనర్ కూర్చుని చేయాల్సింది, మా లాంటి వాళ్ళకి వదిలేయొద్దు, ఏ పని ఎవరి చేతుల మీదుగా వెళ్తుందో మీకే తెలుసు. నేనైతే నాలుగు పెడతా. జాబ్స్‌లో డిజైనర్లందరూ రాయొచ్చు. ప్రింట్ ఫోల్డర్‌లో డిజైనర్లు ఫైల్ వేస్తారు, రిప్ ఆపరేటర్ చదవడమే గానీ మార్చలేరు, పార్టీ ఓకే అన్న ఫైలే అందులోకి వెళ్ళాలి, దీంతో ఏది ఫైనల్ అనే గొడవ చాలావరకు పోతుంది. లోగోలు, బ్యాక్‌గ్రౌండ్‌లు, ఫాంట్ల ఇన్‌స్టాలర్లు ఉండే ఫోల్డర్ అందరికీ చూడ్డానికే, మార్చేది ఒక్కరే. బిల్లింగ్ ఫోల్డర్ కౌంటర్‌కి, ఓనర్‌కి తప్ప ఇంకెవరికీ కనపడకూడదు. ఫైల్ పేరు తేదీతో మొదలుపెట్టండి, 2025-03-14 ఇలా, తర్వాత పార్టీ పేరు, సైజు, అప్పుడు వరసలో వాటంతటవే సర్దుకుంటాయి. అను అనే తెలుగు ఫాంట్లతో చేసిన ఫైల్ న్యాస్‌లో ఉంది కదా అని ఏ సిస్టమ్‌లో తెరిచినా తెలుగు సరిగ్గా రాదు, ఆ ఫాంట్లు ఆ సిస్టమ్‌లోనూ ఉండాలి, అందుకే ముందు అన్ని సిస్టమ్‌లకీ ఒకే ఫాంట్ సెట్ వేయండి.

అందరికీ ఒకే యూజర్ నేమ్ ఇవ్వొద్దు, మనిషికొకటి చేయండి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరిచి వదిలేసే అలవాటు కూడా ఇప్పుడు పనికిరాదు, విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అప్‌డేట్ పడ్డాక గెస్ట్ షేర్లు తెరుచుకోవు. ఇంకోటి, ఒకే సిస్టమ్ నుంచి ఒకే న్యాస్‌కి ఒకేసారి ఇద్దరి పేర్లతో లాగిన్ అవ్వడం విండోస్ ఒప్పుకోదు, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా రావట్లేదంటే విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పేరు ఉందేమో చూసి తీసేయండి, సగం ఫోన్‌కాల్స్ నాకు దీని గురించే వస్తాయి. తర్వాత మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ తో అందరికీ ఒకే అక్షరం, జెడ్ డ్రైవ్ అని ఇచ్చేయండి.

ఫొటోషాప్ ఫైల్ నేరుగా జెడ్ డ్రైవ్‌లో తెరిచి పని చేయొద్దు, అడోబ్ వాళ్ళే లోకల్ డిస్క్ మీద పని చేయమంటారు. సిస్టమ్‌లోకి కాపీ చేస్కుని, పని అయ్యాక తిరిగి వేసేయండి.

పాత ఫైళ్ళు తెచ్చేది శనివారం రాత్రి మొదలుపెట్టండి. పెద్ద ఫైళ్ళయితే 1 టీబీకి మూడు గంటలు చాలు, చిన్నచిన్నవి లక్షల్లో ఉంటే తెల్లారిపోతుంది. సిస్టమ్‌ల్లో ఉన్న పాతవి ఒక నెల దాకా డిలీట్ చేయకండి, ఫోల్డర్ పేరు పాత అని మార్చి వదిలేయండి.

బ్యాకప్ గురించి కొంచెం గట్టిగానే చెప్తా. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేసిన ఒక షాపులో కొత్తగా చేరిన అబ్బాయి పొరపాటున ఒక ఏడాది జాబ్స్ డిలీట్ చేశాడు, అద్దంలోనూ అదే క్షణంలో పోయాయి, ఓనర్ గారి మొహం నాకిప్పటికీ గుర్తుంది. వైరస్ పడ్డా అంతే, జెడ్ డ్రైవ్ కూడా ఆ సిస్టమ్‌కి మామూలు డ్రైవ్ లాగే కనపడుతుంది కాబట్టి అదీ లాక్ అయిపోతుంది. అందుకే న్యాస్‌లో స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైళ్ళు ఎలా ఉన్నాయో గుర్తు పెట్టుకుని, కావాలంటే వెనక్కి తెచ్చేది) రోజుకి రెండుసార్లు పెట్టండి, దానిపైన రెండు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు కొనండి, ఒకటి రాత్రి బ్యాకప్‌కి తగిలి ఉంటే రెండోది ఓనర్ ఇంట్లో, వారానికోసారి మార్చుకోండి. నెలకోసారి ఏదో ఒక ఫైల్ బ్యాకప్ నుంచి తీసి తెరుచుకుంటుందో లేదో చూడండి. లెక్కల ఫైళ్ళయితే జీఎస్టీ రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎలక్ట్రానిక్ పుస్తకాల బ్యాకప్ రోజూ ఇండియాలో ఉన్న సర్వర్‌లోకి వెళ్ళాలని 2022 ఆగస్టులో రూల్ మార్చారు, అది మీ ఆడిటర్ గారితో మాట్లాడి పెట్టుకోండి.

ఇంటి నుంచి ఫైల్ చూడాలని రూటర్‌లో పోర్ట్ తెరిచి న్యాస్‌ని ఇంటర్నెట్ మీద పెట్టేయొద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే వైరస్ వచ్చి అలా బయటికి కనపడుతున్న క్యూనాప్ బాక్సుల్నే లాక్ చేసి డబ్బులడిగింది. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (బయటి నుంచి షాపు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే దారి) వేసుకుని రండి. మెషిన్ పక్కన పాత ఎక్స్‌పీ సిస్టమ్ ఉంటే దానికి ఫైల్ షేరింగ్‌లో పాత పద్ధతి ఎస్ఎంబీ 1 ఒక్కటే వచ్చు, దానికోసం న్యాస్‌లో అది ఆన్ చేయమని ఎవరు చెప్పినా చేయకండి, 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ దూరింది ఆ దారిలోనే, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి దొరికాయి. ఆ ఒక్క సిస్టమ్‌కి పెన్ డ్రైవ్‌తోనే ఇవ్వండి.

డిస్క్ పాడైతే మెయిల్ వచ్చేలా సెట్టింగ్ పెట్టి టెస్ట్ మెయిల్ కొట్టి చూడండి. ఏ స్లాట్‌లో ఏ సీరియల్ నంబర్ డిస్క్ ఉందో రెండు స్టిక్కర్ల మీద రాసి బాక్స్ ముందు అంటించండి, అలారం మోగగానే కంగారులో చాలామంది బాగున్న డిస్క్ పీకేస్తారు.