భారతి, మైత్రి స్టేషన్లకు కొత్తగా వస్తున్నవారికి

ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, ఔలీలో ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) వాళ్ల మంచు శిక్షణ పూర్తయ్యాయంటే సగం పని అయినట్టే. మిగతా సగం పెట్టె సర్దడంతో మొదలవుతుంది. అంటార్కిటికాలో ఇప్పుడు నడుస్తున్న మన స్టేషన్లు రెండు. షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు లేని రాతి నేలలో మైత్రి 1989 నుంచి ఉంది. దానికి దాదాపు 3,000 కిలోమీటర్ల తూర్పున, లార్సెమన్ కొండల్లో భారతి 2012లో మొదలైంది. బరువైన సరుకంతా ఏడాదికోసారి ఓడలో వస్తుంది, చెత్త కూడా ఆ ఓడలోనే వెనక్కి పోతుంది. వేసవి బృందం వెళ్లిపోయి సముద్రం గడ్డకట్టాక నెలల తరబడి బయటినుంచి ఎవరూ రాలేరు. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి కారణం ఇదే.

పెట్టెలో ఏముండాలి, ఏముండకూడదు

ఇంట్లో వాడిన బూట్లు, సంచులు, జాకెట్లు తెస్తుంటే ముందు వాటిని వ్యాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. జేబుల మూలలు, వెల్‌క్రో పట్టీలు, బూటు లేసుల సందులు వదలొద్దు. ఉత్తరేణి గింజ, గరిక విత్తనం, చిటికెడు మట్టి దాక్కునేది అక్కడే. మన వేడి ప్రాంతపు గింజ ఈ చలికి బతుకుతుందా అనకండి. కింగ్ జార్జ్ దీవిలో బయటినుంచి వచ్చిన ఒక గడ్డి జాతి వేళ్లూనుకుంది, దాన్ని పీకడానికి ఏళ్లు పట్టింది. మట్టితో ఉన్న కుండీ మొక్కలు ఎంత చిన్నవైనా తేవొద్దు.

పరికరాలు ప్యాక్ చేసేటప్పుడు థర్మకోల్ గుళ్లు, ముక్కలు వాడకూడదు. అంటార్కిటిక్ ఒప్పందపు పర్యావరణ ప్రోటోకాల్ వాటిని పేరుపెట్టి నిషేధించింది. గాలికి ఒక పెట్టె తెరుచుకుంటే ఆ గుళ్లను ఏరడం ఎవరి తరమూ కాదు. బబుల్ షీటు, మందపాటి అట్ట చాలు.

పళ్ల పని ఇంటి దగ్గరే ముగించుకోండి. కదిలే ఫిల్లింగు, సగం మొలిచిన జ్ఞానదంతం ఉంటే డెంటిస్టును కలవాల్సిందే. స్టేషన్‌లో డాక్టరు ఉంటారు గానీ ఇక్కడ నడి చలికాలమైన జూలైలో పంటి నొప్పితో కేప్‌టౌన్ వెళ్లే దారి లేదు. కళ్లద్దాలు రెండు జతలు తెచ్చుకోండి, ఫ్రేము ప్లాస్టిక్‌దైతే మంచిది. లోహపు ఫ్రేము చలిలో చర్మానికి అతుక్కుంటుంది. గాలి విపరీతంగా పొడిగా ఉంటుంది కాబట్టి వ్యాజిలీన్, లిప్ బామ్ ఎన్ని తెచ్చినా మిగలవు.

ఆవకాయ సంగతికి వద్దాం, ఎందుకంటే తెలుగువాళ్లు ఎవరొచ్చినా అది రాక మానదు. గాజు సీసా వద్దు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి రెండు కవర్లలో కట్టండి. అడుగున మిగిలిన నూనెను సింకులో మాత్రం పోయకండి. కారణం కింద చెబుతాం. పొడులు తెస్తే మరీ మేలు: బరువు తక్కువ, చెడవు, కూరగాయలు అయిపోయిన నెలల్లో కందిపొడి కంటే ఆదుకునేది ఏదీ ఉండదు. ఆకుకూరలు ముందు అయిపోతాయి, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు ఎక్కువకాలం నిలుస్తాయి. మొలకల కోసం పెసలు వంటగది స్టోరులోంచే తీసుకోండి.

నీళ్లు, మురుగు

మైత్రిలో నీళ్లు ప్రియదర్శిని సరస్సు నుంచి వస్తాయి. చలికాలంలో పైన మంచు పలక కట్టినా అడుగున నీరు ఉంటుంది, పంపుతో తోడి వేడి తీగ చుట్టిన పైపులో స్టేషన్‌కు తెస్తారు. భారతిలో సముద్రపు నీటిని ఆర్‌ఓ పద్ధతిలో ఉప్పు తీసి వాడతారు. రెండు చోట్లా ప్రమాదం ఒకటే: పైపులో నీటి కదలిక ఆగిపోవడం. వేడి తీగకు కరెంటు పోయినా, పంపు ఆగినా, నిలిచిన నీరు గడ్డకట్టి ఉబ్బి పైపు చీలుతుంది. అందుకే పంపు గదిలో వింత శబ్దం వినిపించినా, కుళాయిలో ధార సన్నబడినా తెల్లారేదాకా ఆగకుండా ఇంజనీరును లేపండి. ఎవరూ విసుక్కోరు.

చుట్టూ ఇంత మంచుండగా నీటికి కరువేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. కిలో మంచును కరిగించడానికి పట్టే వేడితో, అంతే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు. ఆ వేడి ఓడలో తెచ్చుకున్న ఇంధనం నుంచే రావాలి. కాబట్టి స్నానం చేసేటప్పుడు తడుపుకుని, షవరు ఆపి, సబ్బు రాసుకుని, మళ్లీ తెరవండి. వాషింగ్ మెషీన్ నిండినప్పుడే వేయండి.

ఇక మురుగు. శుద్ధి చేసే ట్యాంకుల్లో పని చేసేది బ్యాక్టీరియా. బ్లీచింగ్ ద్రావణం, ఘాటైన ఫినాయిల్, ల్యాబులో వాడిన రసాయనాలు డ్రైనులోకి వెళ్తే అది చస్తుంది, మళ్లీ పెరగడానికి చాలా రోజులు పడుతుంది. నూనెదీ అదే గొడవ, చల్లటి పైపు గోడలకు గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఆవకాయ నూనె, పూరీలు వేయించిన నూనె పాత డబ్బాలో పోసి, పేరు రాసి చెత్త గదికి ఇవ్వండి. ప్లేటును ముందు పాత కాగితంతో తుడిచి, ఆ తర్వాత కడగండి.

చెత్త

పైన చెప్పిన పర్యావరణ ప్రోటోకాల్‌నే మాడ్రిడ్ ప్రోటోకాల్ అంటారు. 1991లో కుదిరి 1998లో అమల్లోకి వచ్చిన దానికి తోడు, మనకు 2022 నాటి భారత అంటార్కిటిక్ చట్టం కూడా ఉంది. బ్యాటరీలు, ప్లాస్టిక్, రబ్బరు, ఇంధనం పీపాలు, రసాయనాలు ఖండం దాటి పోవాల్సినవే. ఆరుబయట తగలబెట్టడం కుదరదు. కోడి ఎముకలకు ప్రత్యేక నియమం ఉంది: కోళ్ల రోగాలు పెంగ్విన్లకు, స్కువా పక్షులకు సోకకుండా, తినగా మిగిలిన ముక్కలన్నీ వెనక్కి పంపాలి లేదా ఇన్సినరేటర్‌లో కాల్చాలి. కిటికీ దగ్గర వాలిన స్కువాకు ఒక ముక్క విసరడం సరదా కాదు, చట్టం ఒప్పుకోని పని.

నిప్పు

ఇక్కడ అందరూ భయపడేది చలికి కాదు, నిప్పుకి. గాలిలో తేమ లేక చెక్క, గుడ్డ, కాగితం ఎండిపోయి ఉంటాయి. బయట గాలి హోరు. ఆర్పడానికి కావాల్సిన నీరు గడ్డకట్టి ఉంటుంది. భవనం కాలిపోతే చలికాలంలో తలదాచుకునే చోటు ఉండదు. వచ్చిన మొదటి రోజే మీ గది నుంచి రెండు దారుల్లో బయటికి నడిచి చూడండి, కళ్లు మూసుకుని కూడా ఒకసారి. అత్యవసర ద్వారం బయట మంచు పేరుకుంటే తలుపు తెరుచుకోదు, బ్లిజార్డ్ (మంచు తుఫాను) తగ్గిన ప్రతిసారీ పార పట్టుకుని దాన్ని తవ్వడం మీ పని కూడా. గదిలో ఎలక్ట్రిక్ కెటిల్, హీటర్ పెట్టుకోవద్దు. భారతిలో జనరేటర్ల వృథా వేడితోనే భవనాన్ని వెచ్చబరుస్తారు, విడిగా హీటర్ అక్కర్లేదు. ఉక్కగా ఉందని కిటికీ బారుగా తీసి పడుకోవడమూ ఇంధనాన్ని బయట పారబోయడమే.

పరికరాలు, నమూనాలు

హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లకు మైత్రిలో భూకంపాలను నమోదు చేసే కేంద్రం ఉంది. భారతిలోని ఇస్రో యాంటెన్నా అందుకునే ఉపగ్రహ డేటా షాద్‌నగర్‌కు చేరుతుంది. మీ పని ఇలాంటిది ఏదైనా, పక్కవాళ్ల పరికరాన్ని పాడు చేయకుండా ఉండటం ముందు నేర్చుకోవాలి. భూ అయస్కాంత పరికరాల గుడిసె దగ్గరికి వెళ్లేముందు తాళాలు, ఫోను, చాకు, బెల్టు బకిల్, పెన్ను క్లిప్పు అన్నీ తీసేయండి. అయస్కాంత క్షేత్రంలో ఒక్క నానోటెస్లా (అతి చిన్న కొలత) తేడాను పట్టే చోటికి ఇనుప పార పట్టుకెళ్తే ఆ పూట రికార్డు చెత్తబుట్టకే. భూకంప సెన్సర్ పక్కన స్నో స్కూటర్ ఆపినా అంతే. గాలి నమూనాలు తీసే వైపు, అంటే గాలి వచ్చే దిక్కున, వాహనం నడపకండి. జనరేటర్ పొగ అటు మళ్లిన వేళను లాగ్‌బుక్‌లో రాయండి. టైము అంతటా యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఉండాలి.

మంచు నమూనా తీసే పద్ధతి ఇదీ. వాహనాన్ని దూరంగా వదిలి, గాలికి ఎదురు నడవండి. గుంత తవ్వాక పార తగిలిన గోడను శుభ్రమైన ప్లాస్టిక్ గరిటెతో పది సెంటీమీటర్ల మందం గీకి పారేయండి. పొడి లేని చేతి తొడుగులు వేసుకుని, అడుగు పొర నుంచి పైకి నమూనాలు తీస్తూ రండి. పైనుంచి మొదలుపెడితే రాలిన పొడి కింది పొరల్లో కలుస్తుంది. కరిగిన నీటిని సీసాలో నింపుతుంటే ముప్పావు వంతు దగ్గర ఆపండి. గడ్డకట్టేటప్పుడు నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పేరు సీసా మీదే రాయండి, మూతలు మారిపోతాయి. ఖాళీ సీసా ఒకటి వెంట తీసుకెళ్లి, అక్కడ తెరిచి మూసి తెస్తే, కలుషితం ఎంతో తర్వాత తేలుతుంది. ఇంత కష్టపడ్డ నమూనాలు ఎక్కువగా పోయేది తిరుగు ప్రయాణంలో, ఓడ వేడి సముద్రాల మీద ఉండగా. ఫ్రీజర్‌లో ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ పెట్టకుండా పంపొద్దు.

బ్యాటరీ చలిలో సగం సత్తువకు పడిపోతుంది. అదనపువి లోపలి జాకెట్ జేబులో, ఒంటికి తగిలేలా ఉంచుకోండి. లిథియం అయాన్ బ్యాటరీని సున్నాకు దిగువన ఛార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది, కాబట్టి లోపలికి తెచ్చి, వెచ్చబడ్డాకే పెట్టండి. కెమెరాను బయటే జిప్ కవర్లో మూసి లోపలికి తెస్తే చెమ్మ కవరుకు పడుతుంది, లెన్సుకు కాదు. మామూలు పీవీసీ కేబుల్ చలికి గట్టిపడి వంచితే పగులుతుంది, సిలికాన్ పూతవి తెచ్చుకోండి. బయట రాతకు పెన్ను పనికిరాదు, పెన్సిలే దిక్కు. పొడి గాలికి ఒంటి మీద స్టాటిక్ (స్థిర విద్యుత్తు) ఎక్కువ పోగవుతుంది, సర్క్యూట్ బోర్డు ముట్టేముందు ఎర్త్ చేసిన లోహాన్ని తాకండి.

బయటికి వెళ్లేటప్పుడు

ఒంటరిగా వెళ్లొద్దు. ఎక్కడికి, ఎవరెవరు, ఎన్నింటికి తిరిగొస్తారో బోర్డు మీద రాసి, వీహెచ్‌ఎఫ్ రేడియో ఆన్‌లో ఉందో లేదో చూసుకుని కదలండి. ఆ టైముకు రాలేకపోతే రేడియోలో చెప్పండి, లేదంటే లోపలున్నవాళ్లు వెతకడానికి బయల్దేరతారు. మైనస్ 20 డిగ్రీలు ఉండి, గాలి గంటకు 50 కిలోమీటర్లు వీస్తే ఒంటికి మైనస్ 35 లాగే ఉంటుంది. కాటన్ బనియన్ చెమట పీల్చి చల్లబడుతుంది, లోపల ఉన్ని లేదా సింథటిక్ వేసుకోండి. నడక మొదలవగానే ఒక పొర విప్పండి, చెమట పట్టేదాకా ఆగొద్దు. బూటు బిగుతయ్యేలా రెండేసి మేజోళ్లు వేస్తే రక్తం ఆడక వేళ్లు ముందు మొద్దుబారతాయి.

తోడున్నవాళ్ల ముక్కు, చెంపలు మాటిమాటికీ చూడండి. తెల్లటి మచ్చ కనిపిస్తే గాలికి మాటు చేసి ఒట్టి చేత్తో కప్పండి, రుద్దొద్దు. వేలు గట్టిపడిపోతే స్టేషన్‌కు తెచ్చి 37 నుంచి 39 డిగ్రీల నీటిలో ముంచాలి. దారిలో కరిగించి మళ్లీ గడ్డకట్టనిస్తే నష్టం రెట్టింపు. బ్లిజార్డ్‌లో పక్క గుడిసెకు వెళ్లాలన్నా దారి పొడవునా కట్టిన తాడు వదలకూడదు. సెప్టెంబరు నుంచి ఓజోన్ పల్చబడుతుంది, మంచు మీంచి ఎగసే కాంతి గడ్డం కిందా కాలుస్తుంది. నల్ల కళ్లద్దాలు లేకుండా గంటలు గడిపితే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది.

రాళ్ల మీది నాచు, లైకెన్‌పై అడుగు పెట్టొద్దు. ఒక సరస్సులో వాడిన బకెట్టును కడిగి ఆరబెట్టకుండా రెండో సరస్సులో ముంచొద్దు. భారతి దగ్గరి స్టోర్నెస్, మైత్రి దగ్గరి దక్షిణ గంగోత్రి హిమానీనదం రక్షిత ప్రాంతాలు, పర్మిట్ లేనిదే అడుగు పెట్టకూడదు. పెంగ్విన్‌కు కనీసం 5 మీటర్లు ఎడం ఉండండి, అది నడక ఆపి మిమ్మల్ని చూస్తోందంటే ఇంకా వెనక్కి జరగాలి. చనిపోయిన పక్షిని ముట్టకండి, లీడర్‌కు చెప్పండి. బర్డ్ ఫ్లూ 2024లో అంటార్కిటిక్ ద్వీపకల్పానికి చేరింది.

చీకటి నెలలు

మే చివరి నుంచి జూలై మధ్య దాకా భారతిలో సూర్యుడు రాడు, మైత్రిలో ఇంకొంచెం ఎక్కువ కాలం. నిద్ర చెదురుతుంది, చిన్న మాటకే కోపం వస్తుంది. రోజూ ఒకే టైముకు లేచి, భోజనాలకు అందరితో కూర్చోండి. వంటింటి డ్యూటీ వంతు ఎగ్గొట్టకండి. ఇక్కడ తగాదాలు ఎక్కువగా పుట్టేది సైన్సు మీద కాదు, కడగని గిన్నెల మీద.

మీ ముందువాళ్లతో కలిసి ఉండే హ్యాండోవర్ రోజుల్లో ప్రతి పరికరాన్నీ వాళ్ల ఎదురుగానే ఆపి, మళ్లీ మీరే నడిపించి చూడండి. విడిభాగాలు పుస్తకంలో ఉన్నాయంటే అల్మారాలోనూ ఉన్నాయో లేదో చూడండి. వచ్చే ఏడాదికి కావాల్సిన సరుకు జాబితాను చలికాలంలోనే, పార్టు నంబరు, కొలత, ఎన్ని కావాలో వేసి పంపాలి. ‘వాషర్లు – కొన్ని’ అని రాస్తే ఏ సైజువి వచ్చాయో ఓడ వచ్చి పెట్టె విప్పాకే తెలుస్తుంది.