యాభై ఏళ్లు దాటిన కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలి?

నెల్లూరు జిల్లాలో అభ్రకం వ్యాపారం చేసిన ఇళ్లలో, ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు వ్యాపారం చేసిన కుటుంబాల్లో ఇప్పటికీ పాత కార్లు కనిపిస్తాయి. రేకుల షెడ్డులోనో, వేపచెట్టు కిందో, నాలుగు టైర్లకీ గాలి పోయి కూర్చున్న అంబాసిడరో, ఫియట్టో, స్టాండర్డ్ హెరాల్డో. తాతగారు కొన్న కారు కదా, అమ్మబుద్ధి కాదు. రోడ్డెక్కిద్దామంటే కాగితాలు సరిగా లేవు. చివరికి ఎవరో పాత ఇనుము వ్యాపారి వచ్చి తూకానికి పట్టుకుపోతాడు. దయచేసి అలా పోనివ్వకండి. ఇలాంటి బండ్ల కోసమే కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకి విడిగా రూల్స్ చేర్చింది.

చాలామంది ఉత్సాహంలో ముందు పెయింటు, సీట్లు, ఇంజిన్ పని చేయించి, కాగితాల సంగతి ఆఖర్న చూస్తారు. దాన్ని తిరగేయండి. కాగితాలు తేలేదాకా బండి మీద స్పానర్ పెట్టొద్దు. ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

కారు నడపాలా, నిలబెట్టుకోవాలా?

ఈ ఒక్కటి ఇంట్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకోవాలి. వింటేజ్ కింద రిజిస్టరైన కారుని రోజువారీ పనులకి వాడకూడదు. ప్రదర్శనలకి, వింటేజ్ ర్యాలీలకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకి, ఈ పనుల కోసం వెళ్లి రావడానికి మాత్రమే రోడ్డెక్కాలి. కావలి నుంచి నెల్లూరు ఆటోనగర్‌కి బ్రేకుల పనికి తీసుకెళ్లొచ్చు. పొలానికి, పెళ్లిళ్లకి, పిల్లల్ని కాలేజీలో దించడానికి కుదరదు. పెళ్లికొడుకు ఊరేగింపుకి అద్దెకి తిప్పడం అసలే కుదరదు, అది వ్యాపారం కిందికొస్తుంది.

వారానికి రెండుసార్లయినా బయటికి తీస్తామనుకునేవాళ్లకి ఈ దారి పనికిరాదు. మామూలు పద్ధతిలోనే ఆర్.సి. రెన్యువల్ చేయించుకోండి. ఫారం 25 పెట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపిస్తే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2025 ఆగస్టులో ఫీజులు పెంచాక ఇరవై ఏళ్లు దాటిన కారుకి ఇది 10,000 రూపాయలు. గ్రీన్ టాక్స్ అదనం. గడువు దాటి ఎన్నేళ్లయితే అంత లేటు ఫీజు కూడా పేరుకుని ఉంటుంది. ఖర్చు ఎక్కువనిపించినా, వాడుకునే బండికి అదే సరైన పద్ధతి.

మీ కారు వింటేజ్ కిందికి వస్తుందా?

తయారైన సంవత్సరం కాదు, మొదటిసారి రిజిస్టరైన తేదీ చూస్తారు. ఆ తేదీ నుంచి యాభై ఏళ్లు దాటాలి. స్కూటర్లు, మోటార్ సైకిళ్లకీ ఇదే లెక్క. దేశంలో తొలి మారుతి 800 చేతికందింది 1983 డిసెంబరులో కాబట్టి, దానికి కూడా 2033 దాకా ఈ అవకాశం రాదు.

రెండో షరతు దగ్గరే మన వైపు కార్లు ఎక్కువగా ఆగిపోతాయి. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్ (బండి అడుగు చట్రం), బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. పెట్రోలు ఖర్చు భరించలేక పాత అంబాసిడర్లకి డీజిల్ ఇంజిన్ బిగించుకోవడం ఒకప్పుడు మామూలు సంగతి. కానీ 1960ల్లో అంబాసిడర్‌కి కంపెనీ పెట్టి పంపింది పెట్రోలు ఇంజినే. మీ 1968 మోడల్లో డీజిల్ ఇంజిన్ కనిపిస్తే మధ్యలో ఎవరో మార్చినట్టే. అసలు ఇంజిన్ షెడ్డు మూలన ఎక్కడైనా పడి ఉందేమో వెతకండి, దొరికితే అదృష్టం. లేకపోతే వింటేజ్ ఆశ వదిలేసి రెన్యువల్ సంగతి చూసుకోవడం మంచిది.

స్పానర్ పట్టొద్దని మొదట్లో అన్నది ఇందుకే. పాత ఇంజిన్ మొరాయిస్తోందని మెకానిక్ మంచి మనసుతోనే వేరేది బిగిస్తాడు. దాంతో అర్హత పోతుంది.

సీ బుక్ ఎవరి పేరున ఉంది?

సీ బుక్ అంటే పుస్తకం రూపంలో ఉండే పాత ఆర్.సి. టెన్షన్ అంతా ఇక్కడే ఉంటుంది. చాలా కార్లు ఇంకా తాతగారి పేరునో, పెదనాన్నగారి పేరునో ఉంటాయి. యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి, 3 నెలల్లో ఫారం 31 పెట్టి పేరు మార్చుకోవాలని చట్టం. మన ఇళ్లలో ఇల్లు, పొలం పంచుకుంటారుగానీ కారు కాగితం ఎవరూ పట్టించుకోరు. ఏళ్లు గడిచాక పెట్టినా అదే ఫారం 31. దానితో మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. బాబాయిలు, అత్తయ్యలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే సంక్రాంతికి ఊరొచ్చినప్పుడే సంతకాలు పెట్టించుకోండి. ఫోన్లో సరేనన్న మాట ఆఫీసులో చెల్లదు. కారు బాగయ్యాక, విలువ పెరిగాక అడిగితే పేచీలు వస్తాయి. తుప్పు పట్టి ఉన్నప్పుడే అడగడం అందరికీ మేలు.

సీ బుక్కే కనబడకపోతే పోలీస్ స్టేషన్‌లో పోయినట్టు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్‌కి పెట్టుకోవాలి. పాత పుస్తకాలు చేతిరాతవి కాబట్టి మీ బండి వివరాలు ఆన్‌లైన్‌లో ఉండకపోవచ్చు. ఆఫీసులోని పాత రిజిస్టర్ చూసి కంప్యూటర్‌లో ఎక్కించమని అర్జీ పెట్టండి. 1953 అక్టోబరు 1 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి, అంతకు ముందువైతే నంబరు ‘ఎం’తో మొదలవుతుంది. తర్వాతి మూడక్షరాల నంబర్లు ‘ఏ’తో మొదలవుతాయి. చెన్నైలో రిజిస్టరైన బండి అయితే అక్కడి నుంచి ఫారం 28లో ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి.

సీ బుక్ వెనక పేజీలు కూడా చదవండి. ఎప్పుడో తీసుకున్న అప్పు తాలూకు ఎండార్స్‌మెంట్ అలాగే ఉండిపోయి ఉంటుంది. డబ్బు కట్టేసినా అది రద్దు కావాలంటే బ్యాంకు లెటరూ ఫారం 35 కావాలి. ఆ బ్యాంకు ఇప్పుడు లేకపోతే దేనిలో కలిసిందో చూసి అక్కడికి వెళ్లండి. ఆంధ్రా బ్యాంకు అప్పయితే యూనియన్ బ్యాంకుకి వెళ్లాలి, 2020 ఏప్రిల్ 1న అందులో కలిసింది.

ఛాసిస్ నంబరు

బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక రేకు మీద రివెట్లు కొట్టిన చిన్న ప్లేటు చాలా పాత కార్లలో ఉంటుంది. దాని మీద దశాబ్దాల నూనె, దుమ్ము గడ్డకట్టి ఉంటాయి. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఉప్పుగాలి తగిలిన బండి అయితే అంకెల గాడుల్లో ఎర్రటి తుప్పు నిండిపోయి ఉంటుంది. దాన్ని ఇసుక కాగితంతో, వైర్ బ్రష్‌తో, గ్రైండర్‌తో ముట్టుకోవద్దు. అంకె అంచు అరిగిందంటే నంబరు మార్చారని అనుమానిస్తారు, ఆ అనుమానం తీర్చడం మహా కష్టం. బట్టని కిరోసిన్‌లో తడిపి ప్లేటు మీద పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. ఆరాక పల్చటి తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దితే నంబరు కాగితం మీదికి వస్తుంది. ఇంజిన్ నంబరూ ఇలాగే తీయండి.

రెంటినీ సీ బుక్‌తో అంకె అంకె పోల్చండి. చేతిరాతలో 1 కాస్తా 7 అయి ఉంటుంది, 3 కాస్తా 8 అయి ఉంటుంది. తేడా ఉంటే తనిఖీ రోజు దాకా దాచకుండా ముందే అర్జీ ఇచ్చి సరిచేయించుకోండి. ప్లేటూ ఇంజినూ చక్కగా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్, దరఖాస్తు

దరఖాస్తుతో పాలసీ కాపీ పెట్టాలి కాబట్టి ఇన్సూరెన్స్ ముందే చేయించాలి. వింటేజ్‌గా రిజిస్టరైన కారుకి థర్డ్ పార్టీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు 2022 జూన్ నుంచి ఉంది. రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక, పాలసీ రెన్యువల్‌లో ఈ మాట మీరే గుర్తు చేయండి. ఏజెంట్లు మర్చిపోవచ్చు. ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, జైలు శిక్షకి కూడా చట్టంలో వీలుంది.

దరఖాస్తు కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన పరివాహన్ పోర్టల్‌లోనే. ఫారం 20తో పాటు పాలసీ, పాత సీ బుక్, విదేశాల నుంచి తెచ్చిన కారయితే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ పెట్టాలి. ఫీజు 20,000 రూపాయలు. దరఖాస్తులు చూడటానికి రాష్ట్ర స్థాయిలో నోడల్ అధికారి, బండిని తనిఖీ చేసి వింటేజ్ అవునా కాదా తేల్చడానికి ఒక కమిటీ ఉండాలని నిబంధన. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ మీ ఆర్టీఓ ఆఫీసులో అడిగి, తనిఖీ ఎక్కడ చేస్తారో తెలుసుకోండి. అక్కడికి కారుని నడుపుకుంటూ వెళ్లొద్దు, రికవరీ బండి మీద ఎక్కించి తీసుకెళ్లండి. అన్నీ సరిపోతే 60 రోజుల్లో ఫారం 23ఏలో ఆర్.సి. ఇవ్వాలి.

నంబరు ప్లేటు

పాత నంబరు ఉన్న బండి ఆ నంబరే ఉంచుకోవచ్చు. నా మాట వినండి, అదే ఉంచుకోండి. ఆ మూడక్షరాల నంబరు చూసి ఊళ్లో పెద్దవాళ్లు అది ఎవరి కారో చెప్పేస్తారు, అంతకంటే చరిత్ర ఏం కావాలి? మన దేశంలో ఎప్పుడూ రిజిస్టర్ కాని బండికి మాత్రం కొత్త వరుస ఇస్తారు. ముందు రాష్ట్రం కోడ్ ఏపీ, తర్వాత వింటేజ్ అని తెలిపే ‘వీఏ’, ఆపైన రెండు అక్షరాలు, నాలుగంకెలు.

రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి ఫీజు 5,000 రూపాయలు. కారు అమ్మడానికి అడ్డేమీ లేదు, కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ తమ తమ రవాణా అధికారులకి తెలియజేస్తే చాలు.

ర్యాలీకో, మెకానిక్ దగ్గరికో బయల్దేరినప్పుడు ఆర్.సి., పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్‌తో పాటు ఎందుకు వెళ్తున్నారో చూపించే కాగితం కూడా కారులో పెట్టుకోండి. ర్యాలీ ఆహ్వానమో, వర్క్‌షాప్ రసీదో ఏదైనా సరే. హైవే మీద ఆపిన పోలీసుకి వింటేజ్ నిబంధనలు గుర్తుండకపోవచ్చు, ఆ కాగితం చూపిస్తే మాట తొందరగా తేలుతుంది.